రెండు వినోద సామ్రాజ్యాలు – నడుమ చీలిన అభిమానం

2025 మే 22వ తేదీన అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం, ఒర్లాండో నగరంలో ‘ఎపిక్ యూనివర్స్’ అనే కొత్త వినోదవనం ద్వారాలు తెరుచుకున్నాయి. యూనివర్సల్ సంస్థ దీనికి సుమారు 700 కోట్ల డాలర్లు వెచ్చించినట్లు వార్తలు వెలువడ్డాయి. హ్యారీ పోటర్ మాంత్రికలోకం, డ్రాగన్లు సంచరించే దీవి, పాత భయానక చిత్రాల భూతప్రేతాలు, నింటెండో ఆటలలోని పాత్రలు అందులో కొలువు తీరాయి. అక్కడికి కారులో అరగంట దూరంలోనే 1971 నుండి వేళ్లూనుకున్న డిస్నీ సంస్థ నాలుగు మహావనాలను నడుపుతున్నది.

ఈ ఇరు సంస్థల పోటీ యజమానుల మధ్యనే ఆగిపోలేదు. అభిమానులు సైతం రెండు పక్షాలుగా చీలి వాదులాడుకుంటున్నారు. యూనివర్సల్ వారు మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, ఎదుట తెరపై బొమ్మ చూపి, కుర్చీని కుదిపి పంపిస్తారని డిస్నీ పక్షం ఎద్దేవా చేస్తుంది. డిస్నీ పాత కీర్తిని అమ్ముకుంటూ ధరలు మాత్రం ఏటేటా పెంచుతున్నదని యూనివర్సల్ పక్షం బదులిస్తుంది. ఏటా వందల డాలర్లు చెల్లించి వార్షిక ప్రవేశపత్రం తీసుకునేవారు, తమ వనం బొమ్మలున్న చొక్కాలు తప్ప తొడగనివారు ఇరువైపులా ఉన్నారు.

అభిమాన హీరో చిత్రం విడుదలైతే ఊరంతా తోరణాలు కట్టే తెలుగువారికి ఈ ధోరణి వింతగా తోచదు. అయినా ఆలోచించవలసిన ప్రశ్న ఒకటున్నది. ఈ అభిమానం నిజానికి దేనిపైన? కథపైనా, ఆ కథను అమ్ముకునే సంస్థపైనా?

పునాదిలోనే వైరం

సినిమా తీసే చోటును జనానికి చూపించి రుసుము వసూలు చేయడం యూనివర్సల్‌కు పుట్టుకతో వచ్చిన విద్య. 1915లో కాలిఫోర్నియాలో స్టూడియో నెలకొల్పిన కార్ల్ లెమ్లే 25 సెంట్లు పుచ్చుకుని మూకీ చిత్రాల చిత్రీకరణను చూడనిచ్చేవారు. మాటల చిత్రాలు వచ్చాక ప్రేక్షకుల కోలాహలం శబ్దగ్రహణానికి అడ్డు కావడంతో ఆ పద్ధతి నిలిచిపోయి, 1964లో స్టూడియో యాత్ర రూపంలో మళ్లీ మొదలయింది. వాల్ట్ డిస్నీ దారి వేరు. చిత్రీకరణను చూపడానికి బదులుగా, తన చిత్రాల లోపలికే సందర్శకుడిని నడిపించే వనాన్ని ఆయన 1955 జూలై 17న అనాహైమ్‌లో ప్రారంభించారు.

ఈ రెండు దారులు ఫ్లోరిడాలో ఢీకొన్నాయి. 1980ల ఆరంభంలో యూనివర్సల్ మాతృసంస్థ ఎంసిఏ అక్కడ స్టూడియో వనం కట్టదలచి, భాగస్వామ్యం కోసం పారమౌంట్ సంస్థతో సంప్రదించింది. అప్పుడు పారమౌంట్ అధ్యక్షులుగా ఉన్న మైకేల్ ఐస్నర్ 1984లో డిస్నీ అధిపతి అయ్యారు. మరుసటి ఏడాదే డిస్నీ ఫ్లోరిడాలో స్టూడియో వనాన్ని ప్రకటించింది. తమ ఆలోచనను అపహరించారని ఎంసిఏ ఆరోపించగా, ఐస్నర్ దానిని తోసిపుచ్చారు.

డిస్నీ–ఎంజిఎం స్టూడియోస్ 1989 మే 1న, యూనివర్సల్ స్టూడియోస్ ఫ్లోరిడా 1990 జూన్ 7న ప్రారంభమయ్యాయి. వెనుకబడిన యూనివర్సల్‌కు తొలిరోజే చేదు అనుభవం ఎదురయింది. కింగ్‌కాంగ్, భూకంపం, జాస్ చిత్రం నాటి సొరచేప – ప్రధాన ఆకర్షణలన్నీ మొరాయించాయి. సందర్శకులకు ఉచిత ప్రవేశపత్రాలిచ్చి నచ్చజెప్పవలసి వచ్చింది. ఆనాటి పరిహాసం చాలాకాలం ఆ సంస్థను వెన్నాడింది. ‘మాది పోరాడి పైకి వచ్చిన వనం’ అని యూనివర్సల్ అభిమానులు చెప్పుకునే గర్వానికి బీజం కూడా అక్కడే పడింది.

మాంత్రిక బాలుడు మార్చిన లెక్క

దాదాపు ఇరవై ఏళ్లు డిస్నీది తిరుగులేని ఆధిక్యం. 2010 జూన్ 18న యూనివర్సల్ తన రెండవ వనమైన ‘ఐలండ్స్ ఆఫ్ అడ్వెంచర్’లో హ్యారీ పోటర్ గ్రామాన్ని తెరవడంతో పరిస్థితి తారుమారయింది. వినోదవనాల రంగానికి చెందిన సంఘం ఏటా వెలువరించే అంచనాల ప్రకారం 2009లో ఆ వనానికి వచ్చినవారు సుమారు 46 లక్షలు. 2011 నాటికి ఆ సంఖ్య 76 లక్షలు దాటింది.

ఈ విజయానికి కారణం యంత్రాలు ఒక్కటే కాదు. కథలోని అంగడిలో దొరికే మంత్రదండం, కథలోని పిల్లలు తాగే పానీయం అక్కడ నిజంగా అమ్మకానికి ఉన్నాయి. చదివిన లోకంలోనికి అడుగుపెట్టిన అనుభూతి కలగగానే పాఠకుడు కొనుగోలుదారుడయ్యాడు. డిస్నీ ఈ పాఠాన్ని వెంటనే గ్రహించింది. 2017లో అవతార్ చిత్రలోకాన్ని, 2019లో స్టార్‌వార్స్ గ్రామాన్ని నిర్మించింది. పోటీ లేకుంటే ఈ నిర్మాణాలు ఇంత ఘనంగా, ఇంత వేగంగా వచ్చేవి కావని పరిశీలకులనేకుల అభిప్రాయం. వైరం వల్ల సందర్శకునికి కలిగిన మేలు ఇది, దీనిని కాదనలేము.

నది దాటితే మారే యజమాని

అభిమానులు మరచే అసలు సంగతి మరొకటున్నది. ఏ పాత్ర ఏ గూటిదో నిర్ణయించేది అభిమానం కాదు, ఒప్పందపత్రం. 1990లలో మార్వెల్ సంస్థ తన పాత్రలను వినోదవనాలలో వాడుకునే హక్కును యూనివర్సల్‌కు ఇచ్చింది. 1999లో ఒర్లాండోలో స్పైడర్‌మ్యాన్, హల్క్ తదితరులకు ఒక దీవి వెలసింది. 2009లో సుమారు 400 కోట్ల డాలర్లతో మార్వెల్‌ను కొన్నది డిస్నీ. అయినా పాత ఒప్పందం చెక్కుచెదరలేదు. అమెరికాలో మిసిసిపీ నదికి తూర్పున యూనివర్సల్ వాడుకుంటున్న ఆ పాత్రలను సొంత యజమాని అయిన డిస్నీయే తన వనాలలో నిలపలేదు. నదికి పడమట ఉన్న కాలిఫోర్నియాలో మాత్రం 2021లో అవే పాత్రలతో డిస్నీ ప్రత్యేక ప్రాంగణం తెరిచింది.

ఒకే స్పైడర్‌మ్యాన్ నదికి ఈవల ఒక సంస్థ మనిషి, ఆవల మరొక సంస్థ మనిషి. మైలురాయి దాటగానే బస్సు బోర్డు మీద లిపి మారడం చూస్తూ పెరిగిన సరిహద్దు గ్రామస్థులకు ఈ విడ్డూరం సులభంగానే బోధపడుతుంది. గీత గీసినవారు ఎక్కడో ఉంటారు; గీతకు ఇరువైపులా ఉన్నది ఒకే నేల, ఒకే మనుషులు.

సింప్సన్స్ కథ సైతం ఇటువంటిదే. 2008లో ఆ కార్టూన్ కుటుంబం పేరిట యూనివర్సల్ ఒక రైడును నెలకొల్పింది. 2019లో ఫాక్స్ సంస్థ ఆస్తులతో పాటు సింప్సన్స్ కూడా డిస్నీ వశమయింది. ఇక యూనివర్సల్ విషయానికి వస్తే, ఆ సంస్థే పలుమార్లు చేతులు మారింది. జపానుకు చెందిన మత్సుషితా, కెనడాకు చెందిన సీగ్రామ్, ఫ్రాన్సుకు చెందిన వివెండి, అటుపిమ్మట జనరల్ ఎలక్ట్రిక్, 2011 నుండి కామ్‌కాస్ట్ దాని అధిపతులు. మూడు దశాబ్దాలుగా ‘మా యూనివర్సల్’ అన్న అభిమాని నిజానికి ఎవరి పక్షాన నిలిచినట్లు?

పోటీ అద్భుతాలలోనే, ధరలలో కాదు

పోటీ పెరిగితే ధర తగ్గుతుందని సంతలో కూరగాయలు కొనే ఇల్లాలికి సైతం తెలుసు. ఒర్లాండోలో ఆ సూత్రం పనిచేయలేదు. 1971లో డిస్నీ వనంలోనికి పెద్దల ప్రవేశ రుసుము 3 డాలర్ల 50 సెంట్లు. రైడులకు చీట్లు వేరుగా కొనవలసి వచ్చేది. 2025లో రద్దీ దినాలలో ఒక్కరోజు ప్రవేశమే 199 డాలర్లకు చేరింది. నడుమ యాభై ఏళ్లలో డబ్బు విలువ పడిపోయిన మాట నిజమే గాని, ఈ పెరుగుదల దానిని ఎంతో మించిపోయింది. వరుసలో నిలబడే బాధ తగ్గించేందుకు 1999 నుండి డిస్నీ ఉచితంగా అందించిన సౌకర్యం 2021లో రద్దయింది. దాని స్థానంలో రొక్కం చెల్లించే పద్ధతి వచ్చింది. యూనివర్సల్‌లోనూ వరుస తప్పించుకునే చీటీకి ప్రత్యేక రుసుము ఉన్నది.

దీనికి కారణం దుర్గ్రాహ్యమేమీ కాదు. కూరగాయలు ఈ అంగడిలో కాకుంటే పక్క అంగడిలో కొనవచ్చు. మిక్కీ మౌస్ కావాలన్న బిడ్డకు హ్యారీ పోటర్‌ను చూపి సముదాయించలేము. అభిమానం గట్టిపడిన కొద్దీ ప్రత్యామ్నాయం కనుమరుగవుతుంది. ప్రత్యామ్నాయం లేనిచోట బేరం సాగదు. కనుకనే విధేయుడైన అభిమాని సంస్థకు అత్యంత లాభసాటి వినియోగదారుడు. 2023లో డిస్నీ రానున్న పదేళ్లలో తన వనాలు, ఓడలపై 6,000 కోట్ల డాలర్లు పెట్టుబడి పెట్టనున్నట్లు ప్రకటించింది. ఆ ధైర్యానికి ఆధారం తరతరాల అభిమానమే.

వినోదం వెనుక చెమటను కూడా లెక్కించాలి. ఒర్లాండోలో డిస్నీ కార్మికుల కనీస వేతనం గంటకు 15 డాలర్లు కావడానికి 2018లో, 18 డాలర్లు కావడానికి 2023లో కార్మిక సంఘాలు గట్టిగా బేరసారాలు సాగించవలసి వచ్చింది. వేషం కట్టి పిల్లలకు చేయి ఊపే మనిషి బతుకు, ఆ వనంపై ప్రాణం పెట్టే అభిమానుల చర్చలలో అరుదుగా వినవస్తుంది.

అభిమాని మాట చెల్లేదెప్పుడు?

ప్రియమైన రైడు మూతపడుతున్నదంటే అభిమానులు కన్నీరు పెట్టుకుంటారు. 1998లో ‘మిస్టర్ టోడ్’ రైడు మూతకు ముందు ఫ్లోరిడాలో నిరసనలు జరిగాయి, రైడు ఆగలేదు. ‘స్ప్లాష్ మౌంటెన్’కు ఆధారమైన 1946 నాటి చిత్రం నల్లజాతివారి జీవితాన్ని వక్రీకరించిందన్న విమర్శ చిరకాలంగా ఉన్నది. 2020లో దానిని మార్చాలని కొందరు, మార్చరాదని కొందరు సంతకాలు సేకరించారు. 2023 జనవరిలో ఫ్లోరిడాలో అది మూతపడినప్పుడు అందులోని నీటిని సీసాలలో పట్టి వేలం వేసినవారు కూడా ఉన్నారు! 2025 జూలైలో, 1971 నాటి కృత్రిమ నదిని, దానిపై తిరిగే పడవను సైతం డిస్నీ తొలగించింది. పూనుకున్న మార్పును ఏ కన్నీరూ ఆపలేదు.

మాట చెల్లిన సందర్భం వేరొకటున్నది. కాలిఫోర్నియాలో ‘ఏ రోజైనా అడ్డులేని ప్రవేశం’ అని నమ్మి ఖరీదైన వార్షికపత్రం కొన్నవారికి కొన్ని దినాలలో చోటు దొరకలేదు. వారి తరఫున న్యాయస్థానంలో దావా పడింది. 2023లో డిస్నీ 95 లక్షల డాలర్లకు రాజీపడింది. అక్కడ నిలబడినది భక్తుడు కాదు, రసీదు చేతబట్టిన వినియోగదారుడు. ఎదుటి శిబిరాన్ని తిట్టడానికి ఖర్చయ్యే గొంతు, తన సొంత సంస్థను నిలదీయడానికి ఉపయోగపడినప్పుడే ఫలితం దక్కింది.

తెలుగునేలకు పాఠం

1996లో హైదరాబాదు శివార్లలో వెలసిన రామోజీ ఫిల్మ్ సిటీ ప్రపంచంలోనే అతిపెద్ద సినీ స్టూడియో ప్రాంగణంగా గిన్నిస్ గుర్తింపు పొందింది. బాహుబలి చిత్రానికి వేసిన మాహిష్మతి కట్టడాలు సందర్శకుల కోసం నేటికీ అక్కడ నిలిచి ఉన్నాయి. దానికి దీటైన మరొక సినీ నగరం తెలుగునేలపై లేనందున వనాల పేరిట పక్షాలు ఏర్పడలేదు. తెలుగువారి పక్షాలన్నీ తారల చుట్టూ అల్లుకున్నవే. వాటి మూల్యం కొన్నిసార్లు డాలర్లలో, రూపాయలలో లెక్కకందదు. 2024 డిసెంబరు 4వ తేదీ రాత్రి హైదరాబాదు సంధ్య థియేటరు వద్ద ఒక ముందస్తు ప్రదర్శనకు తరలివచ్చిన జనసందోహంలో తొక్కిసలాట జరిగి, కుటుంబంతో వచ్చిన ఒక తల్లి ప్రాణాలు కోల్పోయింది.

అభిమానం దోషం కాదు. కథను ప్రేమించడం మనిషికి సహజం. ఆ ప్రేమే పిల్లలకు పుస్తకం పట్టిస్తుంది, పెద్దలకు అలసట మరపిస్తుంది. ఒక కథను ప్రేమించాలంటే మరొక కథను ద్వేషించాలనే నియమం మాత్రం ఎక్కడా లేదు. బళ్లారిలో, హోసూరులో, కోలారులో ఒకే ఇంట్లో తెలుగు చిత్రమూ చూస్తారు, కన్నడ, తమిళ చిత్రాలూ చూస్తారు. తండ్రికి రాజ్‌కుమార్, తల్లికి ఎన్టీఆర్ ఇష్టమైనంత మాత్రాన ఆ ఇంట్లో పొయ్యి రెండుగా చీలలేదు. ఒర్లాండో అభిమానులు ఇంకా నేర్చుకోవలసిన ఈ విద్య సరిహద్దు పల్లెలకు తాతల నాడే వచ్చు.

సెలవులలో బిడ్డలను ఏ వినోదవనానికి తీసుకువెళ్లినా ఆనందంగా చూపించవచ్చు. ప్రవేశపత్రం కొనేటప్పుడు మాత్రం ధర ఎంత, అందులో ఏమేమి చేరి ఉన్నాయి, లోపల మళ్లీ దేనికి చెల్లించాలి అన్నవి అడిగి తెలుసుకోవడం మరువరాదు. కథ బిడ్డది, రసీదు తల్లిదండ్రులది. ఈ రెండింటినీ వేరుగా చూడగలిగిన కుటుంబాన్ని ఏ సంస్థా తన శిబిరంలో కట్టివేయలేదు.