ముఖమునందలి యెముకలు విఱిగినప్పుడు

చేయి విఱిగినచో ఇంటిల్లిపాదికిని తెలియును. కాలు విఱిగినవారు లేచి నిలువజాలరు. ముఖమునందలి యెముక విఱిగినప్పుడు మాత్ర మట్లు గాదు. దెబ్బతిన్న యామె లేచి కూర్చుండును, మాటాడును, మజ్జిగ త్రాగును, మఱునాడు పొయ్యి సయితము రాజేయును. ముఖము వాచి కన్ను నల్లబడును. “దెబ్బ తగిలినది, వాపు తీసిన సర్దుకొనును” అని పెద్దలందురు. కొన్నినాళ్లకు వాపు తీయును. అప్పుడు చూచినచో ఒక చెక్కిలి పల్లమై యుండును, లేక పలువరుస కలియకుండును. అప్పటికే యెముక వంకరగ అతుకుకొన మొదలిడియుండును. వాపుచాటున దాగిన యీ దెబ్బను ఇల్లాలు ఎట్లు కనిపెట్టవలెనో, కనిపెట్టి యేమి చేయవలెనో ఈ నెల చెప్పదలచితిమి.

ఏలూరు తాడేపల్లిగూడెముల నడుమనున్న ఉంగుటూరు ప్రాంతమువారికి ఈ సంగతి మఱింత యవసరము. చెన్నపట్టణమునుండి కలకత్తాకు పోవు పెద్దరహదారి అచ్చటనుండియే పోవును. 2010వ సంవత్సరమునకు పూర్వము 5వ నంబరు రహదారి యని పిలువబడినదే నేటి 16వ నంబరు జాతీయరహదారి. భీమడోలు, కైకరము మొదలగు నూళ్లవారు బజారునకును, బడికిని, పెండ్లికిని ఈ దారినే యెక్కవలెను. కొల్లేటి చేపల లారీలు, ధాన్యపు ట్రాక్టర్లు, స్కూటర్లు అన్నియు ఇచ్చటనే కలియును. భర్త నడుపు మోటారుసైకిలు వెనుక ఒక ప్రక్కకు తిరిగి, ఒడిలో బిడ్డ నుంచుకొని కూర్చున్న స్త్రీలను మన మందఱము చూచుచునే యున్నాము. రహదారి యొక్కటియే గాదు. పాచి పట్టిన చెఱువుమెట్లు, జామకొమ్మ, గేదె తల విసరు, పిల్లల క్రికెట్టు బంతి, ఇవియు ముఖపుటెముకలను విఱుగగొట్టును. మఱియొక కారణము గలదు. దానిని చివర చెప్పెదము.

ముఖమున 14 ఎముకలు గలవు. వానిలో కదలునది క్రింది దవడ యొక్కటియే. అన్నిటికంటె తఱచుగ విఱుగునది ముక్కుదూలము. దాని తరువాత చెక్కిటి యెముకయు, క్రింది దవడయు చెప్పదగినవి. ఫ్రాన్సు దేశపు శస్త్రవైద్యుడు రెనే లె ఫోర్ గారు 1901లో మృతుల శిరస్సులను పరీక్షించి, మీది దవడ ముఖ్యముగ మూడు రేఖల వెంట విఱుగుచుండునని తెలిపిరి. నేటికిని వైద్యులు ఆ రేఖలను ఆయన పేరుతోనే పిలుచుచున్నారు. పైచర్మము చిట్లకున్నను లోని యెముక విఱుగవచ్చునని మాత్రము మనము గట్టిగ జ్ఞాపకముంచుకొనవలెను.

దెబ్బ తగిలిన వెంటనే మొట్టమొదట ఊపిరి చూడవలెను. క్రింది దవడ రెండు చోట్ల విఱిగినచో నాలుకకు ఆధారము తప్పి, అది వెనుకకు జాఱి గొంతు మూయగలదు. రక్తము లోనికి పోయినను అంతే. తెలివిగల వారిని వెల్లకిల పరుండబెట్టక, ముందుకు వంగి కూర్చుండనిచ్చి, రక్తమును ఉమ్మివేయనీయవలెను. తెలివి తప్పినచో మెడ మెలిపడకుండ, తలను మేనును ఒక్కసారిగ త్రిప్పి ప్రక్కకు పరుండబెట్టవలెను. నోటిలో కనబడు విఱిగిన దంతములను, కట్టుడు పండ్లను తీసివేయవలెను. నీళ్లు పోయరాదు. వెంటనే 108కి ఫోను చేయవలెను. ఊడిపడిన దంతము శాశ్వతదంతమైనచో వేరు ముట్టక, పైభాగమున పట్టుకొని, తోమక, పాలలో వేసి గంటలోపల దంతవైద్యునికడకు చేర్చినయెడల మరల నాటుకొను అవకాశము గలదు. పాలపండ్లను మాత్రము మరల పెట్టరు.

ఊపిరికి భయము లేదని తెలిసిన పిమ్మట పలువరుసను గూర్చి అడుగవలెను. “నోరు మూసిన పండ్లు మునుపటివలెనే కలియుచున్నవా?” అను నీ యొక్క ప్రశ్న మిక్కిలి విలువగలది. తన పండ్లు ఎట్లు కలియునో తనకు తెలిసినట్లు ఒరులకు తెలియదు. కలియుట లేదన్నచో దవడ విఱిగినదని యనుమానింపవలెను. నోరు తెఱచునప్పుడు గడ్డము ఒక ప్రక్కకు తొలగుట, రెండు పండ్ల నడుమ క్రొత్తగ మెట్టు ఏర్పడుట, నాలుక క్రింద నల్లని నెత్తురుమచ్చ, క్రింది పెదవికి తిమ్మిరి, ఇవియు దవడ విఱిగిన గుఱుతులే. మీది పలువరుస అంతయు చేతికి కదలినచో ప్రమాదము పెద్దది.

తరువాత కన్నును చెక్కిలిని చూడవలెను. వ్రేలు చూపి, తల కదపకుండ పైకి, క్రిందికి, ప్రక్కలకు చూడుమనవలెను. ఒక వ్రేలు రెండుగ కనబడినచో కనుగూటి యెముక విఱిగి, కంటి కండరము చిక్కుకొని యుండవచ్చును. చెక్కిలి, ముక్కు ప్రక్కభాగము, మీది పెదవి మొద్దుబాఱుట చెక్కిటి యెముక విఱిగిన గుఱుతు. వాపు కమ్మకమునుపు తలవైపు నిలిచి పైనుండి రెండు చెక్కిళ్లను పోల్చి చూచినయెడల పల్లము తెలియును. చూపు మందగించుటగాని, కన్ను ముందుకు ఉబ్బుకొనివచ్చుటగాని కనబడినచో ఒక్క గడియయు ఆలసింపరాదు. ముక్కునుండి పలుచని నీరువంటిది ఆగక కాఱుచుండినచో అది మెదడు చుట్టునుండు ద్రవము కావచ్చును. అప్పుడు ముక్కులో దూది పెట్టరాదు.

ముక్కుకు తగిలిన దెబ్బను మనవారు లెక్కచేయరు. వంకరయైన ముక్కును రెండు వారములలోపల, పిల్లలకైనచో వారములోపలనే, సరిచేయించుట మేలు. అంతకంటె తొందరపడవలసిన దొకటి గలదు. దెబ్బతిన్న ముక్కులోనికి దీపము పట్టి చూడవలెను. నడిమి గోడపై ఎఱ్ఱగగాని నీలముగగాని మెత్తని పొంగు కనబడి, ఊపిరి ఆడకున్నచో, గోడలో నెత్తురు నిలిచినదన్నమాట. దానిని ఆనాడే వైద్యునిచే తీయింపవలెను. ఆలస్యమైనచో లోపలి మృదులాస్థి చచ్చి ముక్కు నడుమ క్రుంగిపోవును.

పిల్లల విషయమున తల్లులు రెండు సంగతులు మఱువరాదు. బిడ్డ పడి గడ్డము చిట్లినప్పుడు అచ్చట రెండు కుట్లు వేయించి యింటికి వచ్చెదము. గడ్డమునకు తగిలిన దెబ్బ చెవి ముందరనున్న దవడ కీలును విఱుగగొట్టవచ్చునని తోచదు. కొన్నినెలలకు బిడ్డ నోరు తెఱచుట తగ్గును; పిదప కీలు బిగిసి ముద్దపట్టు సందైన నుండదు; దవడ పెరుగక గడ్డము లోనికి పోవును. చిన్ననాటి దెబ్బ ఈ వైకల్యమునకు ముఖ్యకారణములలో నొకటి. కావున గడ్డము చిట్లిన బిడ్డ నోరు ఎంత తెఱచుచున్నదో ప్రతి వారము చూడవలెను. రెండవది: కంటిదగ్గఱ దెబ్బ తగిలిన బిడ్డకు ఎఱ్ఱదనము, వాపు లేకున్నను, పైకి చూడలేక వాంతులు చేసికొనుచుండినచో కండరము ఎముకసందున నలుగుచున్నదని తలంపవలెను. ఒకటి రెండు దినములలోపల శస్త్రచికిత్స కావలసియుండును.

చేయరానివి కొన్ని గలవు. వాపు తగ్గునని తైలము రాచి ఒత్తరాదు. తెగిన గాయమున సున్నము, కాఫీపొడి అద్దరాదు. ముక్కు చీదరాదు, ఏలయన చీదిన గాలి కనురెప్పలలోనికి దూరి కన్ను మూసికొనిపోవును. గడ్డమునుండి తలకు బిగించి కట్టరాదు. వాంతియైనచో అది బయటికి రాక ప్రాణాపాయమగును. పుత్తూరు కట్టుకు మన దేశమున పేరు గలదు. కాని కాలిచేతుల ఎముకలకు కట్టు కట్టినట్లు కనుగూటికిని, చెక్కిటికిని కట్టు కట్ట వీలులేదు. బట్టలో చుట్టిన మంచుముక్కను కనుగ్రుడ్డుపై ఒత్తకుండ పదినిమిషముల చొప్పున ఆనించుట, తల ఎత్తున నుంచుకొనుట, ఇంతవఱకే యింటివైద్యము.

ఎచ్చటికి పోవలెననగా, తెలివి తప్పినవారిని, చూపు తగ్గినవారిని, రక్తము ఆగనివారిని మొదట పెద్ద ఆసుపత్రికి చేర్పవలెను. ఏలూరున 2023లో ప్రభుత్వ వైద్యకళాశాల ప్రారంభమైనది. ముఖపుటెముకలను కూర్చు నిపుణులు దంతవైద్యశాఖలో చదివినవారని చాలమందికి తెలియదు. ఏలూరు, భీమవరము, విజయవాడలయందలి దంతవైద్యకళాశాలలలో వా రుందురు. “చెక్కిలి విఱిగిన పండ్ల డాక్టరేల?” యని సందేహింపవలదు. సీ.టీ. స్కానింగువలన విఱుగుడు స్పష్టముగ తెలియును. కదలని విఱుగుడునకు మెత్తని ఆహారమును విశ్రాంతియును చాలును. కదలినదానిని సరిచేసి, తఱచుగ నోటిలోపలినుండియే, టైటానియము లోహపు చిన్న ప్లేట్లను స్క్రూలతో బిగింతురు. కొన్నిచోట్ల రెండు పలువరుసలను కొన్ని వారములపాటు తీగతో కట్టుదురు. విఱిగిన దవడలోని పండ్లను బంగారు తీగతోగాని దారముతోగాని కట్టవలెనని ప్రాచీన గ్రీకు వైద్యుడు హిపొక్రటీసు పేర నున్న గ్రంథములు చెప్పుచున్నవి. పలువరుస కలిసినచో ఎముక కలిసినట్లే యను సూత్రము నేటికిని మాఱలేదు. రెండు మూడు వారములు గడచినచో అతికిన యెముకను మరల విఱిచి కూర్పవలసివచ్చును.

దవడ కట్టిన రోగికి ఆహార మమర్చుట ఇల్లాలి పని. రాగిజావ, పాలు, వడగట్టిన పప్పుకట్టు, మెదిపి పలుచన చేసిన పెరుగన్నము, గ్రుడ్డు కలిపిన పాలు, పండ్లరసము కొంచెము కొంచెముగ ఆఱేడు పర్యాయము లీయవలెను. ప్రతిసారి ఉప్పునీటితో నోరు పుక్కిలింపవలెను. తీగ కట్టినవారి ప్రక్కను తీగ త్రుంచు కత్తెర ఎల్లప్పుడు ఉండవలెను. వాంతి వచ్చినప్పుడు అదియే ప్రాణరక్షకము. చుట్టయు, పొగాకును మానిననే గాని పుండు మానదు.

ఇక మొదట దాచియుంచిన కారణము. ఇంట దెబ్బలు తిన్న స్త్రీలకు ముఖమున గాయము లెక్కువగ నుండునని పలు దేశముల వైద్యులు వ్రాసియున్నారు. “మెట్లపై జాఱితిని” అని యామె చెప్పును. జాఱినవారు సామాన్యముగ అరచేతులు ఊనుకొందురు. చేతులపై గీటైన లేక, ఒక కన్నును ఒక చెక్కిలియు మాత్రమే కమిలియున్నచో మనకు సందేహము కలుగవలెను. అందఱియెదుట అడుగక, ఒంటరిగ కూర్చుండబెట్టి, మెల్లగ అడుగవలెను. సిగ్గుచే పది దినములు పైట చాటున ముఖము దాచుకొనుటవలన విఱిగిన యెముక వంకరగ నతుకును. ఆమెతో ఆసుపత్రికి తోడు పోవుటయే తల్లి, వదిన, పొరుగింటియామె చేయదగిన మొదటి మేలు. ఎముకగాని దంతముగాని విఱుగగొట్టుట చట్టమున తీవ్రగాయము. 2024 జూలై 1వ తేదినుండి అమలునందున్న భారతీయ న్యాయసంహిత 116వ సెక్షను ఆ మాటనే చెప్పుచున్నది. గృహహింస నుండి రక్షణకు 2005వ సంవత్సరపు చట్టము గలదు. 181 అను నంబరునకు ఫోను చేసిన సహాయము దొరకును.

దారిని పడియున్నవారిని ఆసుపత్రికి చేర్చినవారిని బలవంతముగ సాక్ష్యమునకు పిలువరాదని 2016లో సుప్రీముకోర్టు నిర్దేశములను స్థిరపఱచినది. కావున వెఱవ పనిలేదు. రహదారి ప్రమాదమున గాయపడినవారికి నిర్ణీత ఆసుపత్రులలో ఏడు దినములవఱకు, లక్షన్నర రూపాయలకు మించకుండ, ఉచిత చికిత్స కల్పించు పథకమును కేంద్రప్రభుత్వము 2025లో ప్రకటించినది. వెనుక కూర్చున్నవారును హెల్మెట్టు ధరింపవలెనని చట్టము. గడ్డము కప్పు హెల్మెట్టు దవడను కూడ కాపాడును. ఇక మీదట మన యింటగాని పొరుగింటగాని ఎవరి ముఖమునకైన దెబ్బ తగిలినప్పుడు మూడు మాట లడుగుడు: పండ్లు కలియుచున్నవా? ఒకటి రెండుగ కనబడుచున్నదా? చెక్కిలి మొద్దుబాఱినదా? ఒక్కదానికి ప్రతికూలమైన జవాబు వచ్చినను, వాపు తీయువఱకు వేచియుండక ఆనాడే బయలుదేరుడు.