కల్యాణపులోవ గట్టుమీద

కార్తికమాసం రాగానే రావికమతం మండలంలోని కల్యాణపులోవ జలాశయానికి జనం బయలుదేరుతారు. తూర్పుకనుమల అడవి నీటి అంచువరకు దిగివచ్చే చోటు అది. చెట్టునీడ ఉన్నది, నీరున్నది. వనభోజనానికి ఇంకేమి కావలె? ఉపాధ్యాయులు కూడ పిల్లలను వెంటబెట్టుకొని వస్తారు. పొయ్యి వెలుగుతుంది, ధ్వనివర్ధకం మ్రోగుతుంది, నీటిమీది పక్షులు ఆవలి ఒడ్డుకు లేచిపోతాయి. వాటిని చూచినవారు లేరు గనుక, పోయిన సంగతి కూడ ఎవరికీ తెలియదు. ఉత్తరదేశాల వలసపక్షులు దిగివచ్చే కాలమూ ఇదే.

ఇది ఒకరిని తప్పుపట్టడానికి వ్రాస్తున్నది కాదు. ఈ పంక్తులు వ్రాస్తున్నవాడు ఏండ్లతరబడి ప్రబంధాలు పాఠం చెప్పుతూ, చక్రవాకం వచ్చినప్పుడల్లా "కవిసమయం" అని పుట త్రిప్పినవాడే. "అది నిజంగా ఉన్న పక్షేనాండీ?" అని ఒక విద్యార్థి అడిగితే బదులు తోచలేదు. తరువాత చాలకాలానికి చిల్కా సరస్సు ఒడ్డున అది కంటబడింది: నారింజవన్నె ఒడలు, లేతరంగు తల, జంటలు జంటలుగా. శీతకాలానికి లడఖ్, టిబెట్ పీఠభూములనుండి దిగివచ్చే బాతు అది. రాత్రి విరహం కవుల కల్పన కావచ్చును. పక్షి మాత్రం కల్పన కాదు.

మన పల్లెలవారు పెట్టిన పేర్లలోనే సగం పాఠమున్నది. మూతి తెడ్డువలె ఉన్నది తెడ్డుమూతికొంగ. నత్తలను ఒలుచుకొని తినేది నత్తగుల్లకొంగ. మూసిన ముక్కు నడుమ సందు కనబడుతుంది. నీటికాకి రెక్కలు చాచి ఎండలో నిలుస్తుంది. మునిగినప్పుడు దాని ఈకలు తడుస్తాయి గనుక ఆరబెట్టుకోవలె. గుడ్డికొంగ మట్టిరంగులో ముడుచుకొని కూర్చుంటుంది. చూపులేనిదేమో అనుకొంటాము, చేప మాత్రం అలా అనుకోదు! ఎగిరినప్పుడు తటాలున తెల్లని రెక్కలు విచ్చుకొంటాయి.

ఈ పేర్ల విలువను ఆంగ్లేయుడు గుర్తించాడు. నెల్లూరులో వైద్యుడుగా పనిచేసిన జెర్డన్, 1862–64 మధ్య వెలువడిన తన భారత పక్షుల గ్రంథంలో తెలుగుపేర్లనుకూడ వ్రాసిపెట్టాడు. ఆయన పేరు ధరించిన కలివికోడి 1900 తరువాత కనబడకపోగా, అంతరించినదనే అనుకొన్నారు. 1986లో అది కడపజిల్లాలో మళ్ళీ దొరికింది. శాస్త్రజ్ఞులకు దారిచూపినది అడవినెరిగిన స్థానికుల కన్ను.

కల్యాణపులోవ చుట్టుపట్ల కొండపల్లెలలో అటువంటి కన్నున్న పిల్లలున్నారు. వారు బడికి వస్తే మనం వారికి పేర్లు నేర్పుతాము. వారినుండి నేర్చుకొందామనే ఊహ రాదు.

నవంబరు 12 పక్షిశాస్త్రవేత్త సాలిం ఆలీ జన్మదినం, జాతీయ పక్షిదినం. తరచు అది కార్తికంలోనే పడుతుంది. ఆ యేటి వనభోజనానికి పిల్లలను పొయ్యి వెలిగించడానికి గంటముందే గట్టుమీదికి తీసికొనిపోవలె. సూర్యుడు వీపువైపు ఉండాలి, మాట మెల్లగా ఉండాలి, చేతిలో నోటుపుస్తకం ఉండాలి. పిట్ట కనబడగానే, "మీ ఇంట దీన్ని ఏమంటారు?" అని ముందుగా పిల్లవాణ్ణి అడగవలె. తెలియనిచోట "నాకు తెలియదు" అనడానికి ఉపాధ్యాయుడు జంకనక్కరలేదు. దుర్భిణి లేదని మానవద్దు. గుడ్డికొంగ గట్టు ప్రక్కనే, పదిబారల దూరంలో నిలిచి ఉంటుంది.