కాశీలో వదిలిన కాయ

కాశీయాత్ర ముగించి ఇల్లు చేరిన తెలుగు గృహస్థును బంధువులు ముందుగా అడిగేది విశ్వనాథ దర్శనం గురించి కాదు. "ఏం వదిలి వచ్చారు?" అనే. గంగాస్నానం చేసి ఒక కాయను, ఒక పండును ఇక జీవితాంతం ముట్టనని విడిచిపెట్టి రావడం తరతరాల ఆచారం. గయలోనూ ఈ వాడుక ఉంది. ఇష్టమైనదాన్నే వదలాలన్నది నియమం. ఎన్నడూ ఇష్టపడని కాకరకాయను వదిలి వచ్చి పుణ్యం మూటగట్టుకున్నవారి మీద ఛలోక్తులకూ కొదవ లేదు.

ఈ ఆచారాన్ని పరిహసించడం ప్రవచన వేదికల మీద అలవాటుగా మారింది. వదలవలసినది కాయను కాదు, కాయాపేక్షను. పండును కాదు, ఫలాపేక్షను అని వక్త శ్లేష విసురుతాడు, సభ కరతాళధ్వనులు చేస్తుంది, ప్రసంగం ముందుకు సాగిపోతుంది. శ్లేష రమ్యమైనదే. కాని ఒక్క వంకాయను వదలలేనివాడు దేహాభిమానాన్ని ఎట్లా వదులుతాడన్న ప్రశ్న ఆ చప్పట్లలో ఎవరికీ వినబడదు. స్థూలమైన త్యాగాన్ని హేళన చేసి సూక్ష్మమైన త్యాగాన్ని కొనియాడినప్పుడు శ్రోతకు మిగిలేది రెండింటిలో ఏదీ చేయకుండా ఇంటికి పోయే సౌలభ్యం మాత్రమే.

ఆ సౌలభ్యానికే నేడు మూడు మంత్రాలు పుట్టాయి. వదిలేయండి. మిమ్మల్ని మీరు ఉన్నదున్నట్లు స్వీకరించండి. ఈ క్షణంలో ఉండండి. చరవాణి యాప్ నుండి సత్సంగం దాకా ఇవే మాటలు, వాటి మీద వేదాంతమనే ముద్ర. ఈ మాటలలో తప్పు లేదు. తప్పంతా వాటిని ఎక్కడ ప్రయోగిస్తున్నారన్న దానిలో ఉంది.

'వదిలేయడం' సంగతి చూస్తే, భగవద్గీతలో ఆ పని చేయబోయిన మొదటివాడు అర్జునుడు. గాండీవాన్ని జారవిడిచి, రాజ్యం వద్దు, సుఖం వద్దు, భిక్షాటనమే మేలు అన్నాడు. పైకి చూస్తే అంతకు మించిన వైరాగ్యం లేదు. కృష్ణుడు దానిని వైరాగ్యమని అంగీకరించలేదు, క్లైబ్యమన్నాడు. పదునెనిమిదవ అధ్యాయంలో త్యాగాన్ని మూడుగా విభజించి, మోహంతో విధిని విడిచిపెట్టడం తామసమని, శరీరక్లేశానికి భయపడి విడిచిపెట్టడం రాజసమని, చేయవలసిన దానిని చేస్తూ సంగాన్నీ ఫలాన్నీ విడిచిపెట్టడమే సాత్త్వికమని తేల్చి చెప్పాడు. మంచాన పడిన తల్లిని చూడడానికి వెళ్లని కుమారుడు "బంధాలు వదిలేశాను" అంటే అది ఈ మూడింటిలో ఎక్కడ చేరుతుందో చెప్పడానికి భాష్యకారులు అవసరం లేదు. సర్వధర్మ పరిత్యాగాన్ని చెప్పిన శ్లోకాన్ని అతడు అడ్డం పెట్టుకోవచ్చు. కాని ఆ శ్లోకం విన్నవాడు ఏం చేశాడు? సందేహం తీరిందని, చెప్పినట్లే చేస్తానని పలికి విల్లు అందుకున్నాడు. తేరు దిగి ఇంటికి పోలేదు.

ఇక 'స్వీకరణ' సంగతి. కోపిష్ఠి గృహస్థులకు గీత మూడవ అధ్యాయంలోని ముప్పదిమూడవ శ్లోకం ప్రాణప్రదం. ప్రాణులు తమ ప్రకృతిని అనుసరిస్తాయి, నిగ్రహం ఏం చేస్తుందని అక్కడ ఉన్నది. "నా స్వభావమే ఇంత, నన్ను నేను స్వీకరించాను" అని ఇల్లంతా వణికించే పెద్దమనిషికి ఇంతకన్నా అనుకూలమైన ప్రమాణం దొరకదు. అయితే ముప్పదినాలుగవ శ్లోకం అదే పుటలో ఉంది. రాగద్వేషాలకు వశం కావద్దని, అవి దారికాచిన శత్రువులని అది హెచ్చరిస్తుంది. ఒక్క శ్లోకం ముందే గ్రంథం మూసివేయడం స్వీకరణ కాదు, సౌకర్యం.

అసలు వేదాంతంలో ఆత్మ స్వీకరింపదగినదీ కాదు, తిరస్కరింపదగినదీ కాదు, హేయోపాదేయ రహితం. స్వీకరించే ప్రసక్తి ఉన్నది అంతఃకరణం విషయంలోనే. అక్కడ స్వీకరణ అంటే ఏమిటో ఆరవ అధ్యాయం చూపుతుంది. మనస్సు చంచలం, దానిని పట్టడం గాలిని పట్టడం వంటిదని అర్జునుడు మొర పెట్టుకున్నాడు. కృష్ణుడు మందలించలేదు. సిగ్గుపడమనలేదు. నిజమే, అందులో సందేహం లేదని ముందుగా ఒప్పుకున్నాడు. ఆ వెంటనే అభ్యాసాన్నీ వైరాగ్యాన్నీ చేతిలో పెట్టాడు. ఒప్పుకోలు ఒక్క క్షణం, అభ్యాసం జీవితకాలం. నేటి బోధకులు ఆ మొదటి క్షణాన్నే సాగదీసి సాధన అంతా అదేనని చెబుతున్నారు.

తమను తాము నిరంతరం నిందించుకుంటూ కుమిలిపోయేవారికి ఈ స్వీకరణ వాక్యాలు ఊరట కలిగించడం వాస్తవం. శరీరాన్నీ లోపలి ఈశ్వరాంశనూ పీడించే తపస్సును గీత కూడా ఆసురమన్నది. ఆత్మనింద సాధన కాదు. అంతవరకు వివాదం లేదు.

వివాదమంతా ఆ వాక్యం ఒకరి నోటి నుండి మరొకరి నెత్తికెక్కినప్పుడే. భర్త చేతిలో దెబ్బలు తిని సత్సంగానికి వచ్చిన స్త్రీతో "ప్రారబ్ధమమ్మా, స్వీకరించు, వదిలేయి" అని చెప్పే గొంతులు అరుదు కావు. చాలా మృదువుగా చెబుతారు కూడా. ప్రారబ్ధాన్ని వింటి నుండి వెలువడిన బాణంతో పోల్చడం సంప్రదాయంలో ఉంది. వెలువడిన బాణం ఆగదు, నిజమే. మరి అతని చేతిలో ఇంకా విడువని బాణం మాటేమిటి? రేపు రాత్రి అతడు ఎత్తబోయే చేయి ప్రారబ్ధం కాదు, ఆగామి. ఆమె ప్రారబ్ధాన్ని అంత నిశితంగా లెక్కగట్టినవారు అతని ఆగామిని లెక్కలోకి తీసుకోరు. దానిని ఆపగలిగి కూడా మౌనం బోధించిన తమ ఆగామిని అసలే తీసుకోరు.

వివేకచూడామణిలో తితిక్షకు చెప్పిన లక్షణాన్ని వారు ఉదాహరించవచ్చు: ప్రతీకారం లేకుండా, చింతావిలాపాలు లేకుండా సమస్త దుఃఖాలనూ సహించడం. ఆ లక్షణం శమదమాదుల నడుమ ఉంది. ముముక్షువు తనకు తానుగా, తన దుఃఖం విషయంలో పూనే సంపత్తి అది. ఇతరుల దుఃఖానికి రాసి ఇచ్చే మందుచీటీ కాదు. గీతలో తితిక్షను ఉపదేశించినది శీతోష్ణాల విషయంలో, వచ్చిపోయే సుఖదుఃఖాల విషయంలో. అదే గురువు అదే అధ్యాయంలో అధర్మం ఎదుట నిలిచినవాణ్ణి లెమ్మన్నాడు.

కురుసభలో ద్రౌపది ప్రశ్న వేసిన నాడు స్వీకరణలో ఆరితేరినవారు ఎందరో ఆసనాల మీద ఉన్నారు. ధర్మం సూక్ష్మమైనదని భీష్ముడు తప్పుకున్నాడు. నోరు విప్పినవారు విదురుడు, ధృతరాష్ట్రుని కొడుకులలో వికర్ణుడు. తరువాత అరణ్యంలో ధర్మరాజు క్షమను ప్రశంసించకముందే, ద్రౌపది ఒక పాత సంవాదాన్ని ఎత్తి చూపింది: ఎల్లవేళలా తేజస్సూ మేలు కాదు, ఎల్లవేళలా క్షమా మేలు కాదని ప్రహ్లాదుడు మనుమడైన బలికి చెప్పిన మాట. భక్తాగ్రేసరుడు చెప్పినది కనుక నేటి సత్సంగాలకు అది పరాయి మాట కారాదు.

మూడవది, ఈ క్షణంలో ఉండడం. దీర్ఘకాల నొప్పులతో బాధపడే రోగుల కోసం 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యకళాశాలలో జాన్ కబాట్-జిన్ ప్రారంభించిన శిక్షణ నుండి నేటి ఎరుక తరగతులు చాలావరకు విస్తరించాయి. బౌద్ధుల పాళీ పదం 'సతి' దానికి మూలం. సంస్కృతంలో అది 'స్మృతి'. స్మృతి అంటే ఈ క్షణాన్ని చూస్తూ కూర్చోవడం మాత్రమే కాదు, మరచిపోకుండా ఉండడం. గీత రెండవ అధ్యాయంలో విషయధ్యానంతో మొదలై సంగం, కామం, క్రోధం, సమ్మోహం మీదుగా జారే మెట్లవరుసలో బుద్ధినాశానికి ముందు మెట్టు స్మృతిభ్రంశమే. చివర అర్జునుడు తనకు తిరిగి లభించిందని చెప్పుకున్నదీ స్మృతినే. ఊపిరిని గమనించడం రోగికి ఉపశమనం, సాధకునికి మంచి ఆరంభం. కాని కళ్లు తెరిచిన మరుక్షణం పనిమనిషి మీద కేకలు వేసేవాడు ఏ స్మృతిని నిలుపుకున్నట్లు?

వక్తలు హేళన చేసిన ఆ కాయ ఇక్కడే అక్కరకు వస్తుంది. ముప్పై ఏళ్ల కిందట కాశీలో వంకాయ వదిలిన వృద్ధురాలికి ఆ సంకల్పం ఒక్కరోజు చేసి మరచినది కాదు. కార్తిక మాసంలో వనభోజనాల నాడు, పెళ్లి పంక్తిలో, కోడలు కొత్తిమీరకారం కూరి గుత్తివంకాయ వండిన ఆదివారం, ప్రతిసారీ కోరిక లేస్తుంది. లేచిందని ఆమె దాచుకోదు; "వాసన బాగుంది" అని నవ్వుతూ అంటుంది కూడా. తనకు నోరు చంపుకున్నానన్న దుఃఖం లేదు, గెలిచానన్న గర్వమూ లేదు. ఇతరులెవ్వరినీ వదలమని చెప్పదు. మనుమడి విస్తట్లో రెండు కాయలు ఎక్కువే వేయిస్తుంది. వడ్డించే గరిట తన విస్తరి మీదికి వచ్చినప్పుడు మాత్రం మాట్లాడకుండా చేయి అడ్డం పెడుతుంది.