మన్యం పంటకు తొలి గిరాకీ మన్యంలోనే

అరకు కాఫీ గురించి కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు. 2017లో పారిస్‌లో ఆ పేరుతో దుకాణం వెలిసింది, 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది, 2024 జూన్‌లో ప్రధాని 'మన్ కీ బాత్'లో దాన్ని మెచ్చుకున్నారు, ఆ మరుసటి ఏడు పార్లమెంటు ఆవరణలో స్టాళ్లు పెట్టారు. గర్వపడాల్సిన విషయమే. కానీ అదే కొండల్లో పండే చోళ్లు (రాగులు), సామలు, కొర్రలు, రాజ్‌మా, వలిసెలు, చింతపండు, పసుపు ఎవరి వంటింటికి చేరుతున్నాయి? పాడేరు, అరకు, చింతపల్లి చుట్టుపక్కల ఆశ్రమ పాఠశాలల పిల్లలు తినే అన్నంలో, పప్పులో, నూనెలో ఎక్కువ భాగం ఘాట్ రోడ్డు ఎక్కి వస్తుంది. పక్క ఊళ్లో పండిన చోళ్లు ఘాట్ రోడ్డు దిగి వెళ్తాయి. ఈ రెండు ప్రయాణాల మధ్య కొండ మీద మిగలాల్సిన కూలి, లాభం, నైపుణ్యం కొండ దాటిపోతున్నాయి. స్థానిక ఆహారం గురించి ఎన్ని ఉత్సవాలు చేసినా ఈ లెక్క మారదు. మారాలంటే ప్రభుత్వం నడిపే వంటశాలలే మన్యం పంటకు తొలి కొనుగోలుదారు కావాలి. అది అధికారుల దయమీద ఆధారపడకుండా నిర్ణీత వాటాగా, రాతపూర్వక నిబంధనగా ఉండాలి.

కాఫీ ఎందుకు నిలదొక్కుకుందో చూస్తే ఈ వాదన బలపడుతుంది. ఎత్తయిన కొండలు, చల్లని గాలి, సిల్వర్ ఓక్ నీడ, ఆ చెట్లకు పాకిన మిరియాల తీగ, ఇవన్నీ కారణాలే. అయితే నేలకు ఆ గుణం ఎప్పటినుంచో ఉంది; పేరొచ్చింది మాత్రం గత పాతికేళ్లలోనే. సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ), కాఫీ బోర్డు కలిసి మొక్కలిచ్చాయి, తోట కాపుకొచ్చేదాకా ఆదుకున్నాయి. నాంది ఫౌండేషన్ వంటి సంస్థలు చిన్న కమతాల రైతులను సహకార సంఘంగా కూడగట్టి పండు కోత దగ్గర్నుంచి నాణ్యత నేర్పాయి. గిరిజన సహకార సంస్థ ధర ప్రకటించి కొనడం మొదలుపెట్టాక దళారి చెప్పిందే రేటనే రోజులు తగ్గాయి. అంటే ధర ముందే తెలిసింది, కొనేవాడు ఉన్నాడు, పండును శుద్ధి చేసే వసతి దగ్గర్లో ఏర్పడింది. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ సామ రైతుకు నేటికీ సరిగా అందలేదు. కాఫీకి చేసింది తిండిగింజకు చేయకపోవడం ప్రకృతి లోపం కాదు, పాలనలో ప్రాధాన్యాల లోపం.

కొనేవాడి బలం ఏపాటిదో మన్యానికి మరో పంట కూడా నేర్పింది, చేదుగా. గంజాయి వర్తకుడు ఊరికే వచ్చాడు, ముందే డబ్బిచ్చాడు, సరుకు ఇంటి దగ్గరే ఎత్తుకెళ్లాడు. 2021 చివర్లో 'ఆపరేషన్ పరివర్తన' పేరిట పోలీసులు వేల ఎకరాల తోటలు ధ్వంసం చేశారు. నరకడం అవసరమే. తర్వాత ప్రత్యామ్నాయ పంటలకు విత్తనాలు పంచారు, అదీ మంచిదే. అయితే విత్తనం ఇచ్చినంత తేలిక కాదు గిరాకీ ఇవ్వడం. నేరం చేసే వర్తకుడు చూపిన కొనుగోలు శ్రద్ధలో సగమైనా ప్రభుత్వం చూపకపోతే, పంచిన విత్తనం ఒక్క పంటతో సరి.

కొండ తిండిగింజలు వెనకబడటానికి రుచి మారడం ఒక్కటే కారణమంటే పొరపాటు. 1983లో మొదలైన రెండు రూపాయల బియ్యం, తర్వాత విస్తరించిన చౌక డిపోలు కొండ ఆకలిని తీర్చాయి. ఆ మేలును తక్కువ చేయడానికి ఎవరికీ హక్కు లేదు. కానీ దాదాపు ఉచితంగా వచ్చే బియ్యం పక్కన, దంచి, చెరిగి, పొట్టు తీస్తే తప్ప నోటికందని సామలు నిలబడలేవు. ఆ దంపుడు శ్రమ ఎప్పుడూ ఆడవాళ్లదే. సామకు ఊరి దగ్గర పొట్టు తీసే యంత్రం లేకపోతే 'మన పాత పంట గొప్పది' అన్న మాట ఆడవాళ్ల నెత్తిన మోపిన అదనపు చాకిరీ అవుతుంది, అంతే. కొత్త కొర్రలు, సామలు, చిక్కుళ్లు ఇంటికొచ్చాక దేవతకు పెట్టి 'కొత్తలు' జరుపుకునే ఊళ్లు ఇంకా ఉన్నాయి. అయినా మిగిలిన గింజ సంతకు వెళ్తే షావుకారి కుంచంతో కొలిపించుకుని, అడిగిన ధరకు ఇచ్చి రావాల్సిందే. మరుసటి ఏడు ఆ మడిలో సామ ఎందుకు వేయలేదని ఆ రైతును అడగడంలో అర్థం లేదు.

ఇక వంటశాలల సంగతి. ఏజెన్సీ హాస్టళ్లకు సరుకులు చేర్చే పనిలో గిరిజన సహకార సంస్థది పెద్ద పాత్ర. 1956లో పుట్టిన ఆ సంస్థే అడ్డాకులు, చింతపండు, తేనె, కొండచీపుర్లు కొని కిందికి పంపుతుంది. కొండెక్కే సరుకుకూ దిగే సరుకుకూ ఒకే సంస్థ మధ్యలో ఉంది కనుక కొత్త శాఖ పెట్టనక్కర్లేదు, కొత్త భవనం కట్టనక్కర్లేదు. కొనుగోలు నిబంధన మారిస్తే చాలు. బ్రెజిల్ 2009లో ఈ పని చట్టంతో చేసింది: బడి భోజనానికి కేంద్రం ఇచ్చే డబ్బులో కనీసం 30 శాతంతో చిన్న రైతు కుటుంబాల పంటే కొనాలని నిర్దేశించింది. అంత దూరం పోవడం ఎందుకనుకుంటే, పక్కనే ఒడిశాలోని కోరాపుట్ ఉంది. ఒడిశా 2017లో చిరుధాన్యాల మిషన్ మొదలుపెట్టి, గిరిజన జిల్లాల్లో చోళ్లను మద్దతు ధరకు కొని, రేషన్ దుకాణాల్లో ఇచ్చింది, అంగన్‌వాడీ పిల్లలకు లడ్డూలు చేయించింది, శుద్ధి యంత్రాలను మహిళా సంఘాల చేతుల్లో పెట్టింది. అరకు సరిహద్దు దాటితే అవే కొండలు, చాలావరకు అవే తెగలు. అక్కడ సాధ్యమైంది ఇక్కడ కుదరదని ఏ అధికారీ అనలేడు. మన రాష్ట్రంలోనూ 2023 మార్చి నుంచి బడుల్లో వారానికి మూడు రోజులు రాగిజావ ఇచ్చారు. అప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఆ పిండి ఏ చేనిది? వంద గ్రాముల చోళ్లలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుందనీ, తెల్లబియ్యంలో పది మిల్లీగ్రాములైనా ఉండదనీ పోషకాహార నిపుణులు ఎన్నాళ్లుగానో చెబుతున్నారు. అది పిల్లల ఎముకకు ఎంత ముఖ్యమో, ఆ గింజ అదే పిల్లల తల్లిదండ్రుల పొలం నుంచి రావడం ఇంటికి అంత ముఖ్యం.

అభ్యంతరాలు లేకపోలేదు. సరిపడా సరుకు దొరకదని మొదటిది. నిజమే, ఈరోజు దొరకదు. కొనేవాడు లేని పంటను ఎవరూ సరిపడా పండించరు. అందుకే వాటా మొదటి ఏడు చిన్నదిగా మొదలుపెట్టి ఏటా పెంచుకుపోవాలి. ధరను విత్తనం వేయకముందే ప్రకటించాలి. ఖర్చు ఎక్కువన్నది రెండోది. 2025-26కు చోళ్ల మద్దతు ధర క్వింటాలుకు 4,886 రూపాయలు. ఆ ధర కట్టడం అదనపు భారమని టెండరు దస్త్రం చూసేవారికి అనిపించవచ్చు. కానీ ఆ డబ్బు ఎక్కడికి పోతుంది? ఏ కుటుంబాల కోసం సంక్షేమ పద్దులో వేరే ఖర్చు రాస్తున్నామో అక్కడికే. మూడోది నాణ్యత, పరిశుభ్రత. దీన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. పిల్లల తిండి విషయంలో రాజీ ఉండరాదు. అయితే తేమ కొలిచే పరికరం, రాళ్లు ఏరే యంత్రం, ఆహార భద్రతా రిజిస్ట్రేషన్ పనుల్లో తోడుండే ఒక ఉద్యోగి మండలానికొకరు ఉంటే మహిళా సంఘాలు ఆ ప్రమాణం అందుకోలేవా? విదేశీ నిపుణులు రుచి చూసి మెచ్చే కాఫీని ఆరబెట్టగల చేతులకు చోడిపిండి శుభ్రంగా ఆడించడం రాదనుకోవడం అవమానకరం.

గిరిజన యువతను మళ్లీ అంబలికి కట్టేస్తున్నారన్న విమర్శ వీటికంటే లోతైనది. పట్నం వాళ్లు చిరుధాన్యాల బిస్కెట్ తింటూ కొండవాళ్లకు పూర్వీకుల తిండి బోధించడంలో కపటం ఉంది, ఒప్పుకోవాలి. మేమడిగేది ఎవరి పళ్లెంలోనూ బియ్యం తగ్గించమని కాదు. బియ్యానికి ఉన్న ప్రభుత్వ దన్నులో కొంత పాలు చోళ్లకూ సామలకూ ఇచ్చి, ఎంపికను నిజమైన ఎంపిక చేయమని. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు 1990ల మధ్యలో చేసింది ఇదే. బీడు పడ్డ చెలకల్లో జొన్న వేయించి, పండిన గింజలో కొంత సంఘానికి జమ చేయించి, ఊళ్లోని నిరుపేదలకు చౌకగా ఇచ్చారు. వాళ్లెవరూ గతంలోకి వెళ్లలేదు. విత్తనం, ధాన్యం, ధర తమ అదుపులోకి తెచ్చుకున్నారు. ఆ కృషికి 2019లో ఈక్వేటర్ బహుమతి వచ్చింది.

పెట్టుబడి లేనిదే వ్యాపారం ఎదగదు, అది బయటి నుంచి రావాలంటే ఏజెన్సీ భూమిని గిరిజనేతరులకు అమ్మరాదనే 1/70 చట్టం సడలించాలి అనేవారూ ఉన్నారు. 2025 ఆరంభంలో పర్యాటకం పేరిట అలాంటి మాట వినిపించగానే ఫిబ్రవరిలో మన్యమంతా బంద్ పాటించింది, చట్టం జోలికి పోబోమని ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది. ఆ హామీ చెక్కుచెదరకూడదు. భూమి చేయి జారాక మిగిలేది ఆ భూమి మీదే కూలి ఉద్యోగం. ఏజెన్సీ భూమిని గిరిజనేతరులకు లీజుకూ ఇవ్వరాదన్న 1997 నాటి సమతా తీర్పు పుట్టింది ఈ అనంతగిరి కొండల గనుల తగాదాలోనే. చిన్న వ్యాపారికి కావాల్సింది భూమి కొనే పెట్టుబడిదారుడు కాదు, నిర్వహణకు అప్పు. సూక్ష్మ ఆహార పరిశ్రమలకు 2020లో కేంద్రం తెచ్చిన పథకంలో యూనిట్ ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల సబ్సిడీ ఉంది. కానీ అది బ్యాంకు రుణంతో ముడిపడింది. గిరిజనేతరుడికి అమ్మరాని భూమికి బ్యాంకు దగ్గర తాకట్టు విలువ తక్కువ. హాస్టళ్ల కొనుగోలు ఒప్పందం చేతిలో ఉంటే ఆ కాగితమే హామీ అవుతుంది. పర్యాటకాభివృద్ధి సంస్థ హోటళ్లకూ ఇదే సూత్రం వర్తించాలి. అద్దాల రైలు ఎక్కి లోయ చూడ్డానికి వచ్చినవారికి వలిసె పూలు ఫొటో వరకే అందుతున్నాయి. వలిసె నూనె సీసా కనబడటం అరుదు. బొంగులో చికెన్‌కు బొంగు కొండది. కోడి?

కాఫీ ఒక్కదాన్నే నమ్ముకోవడంలో ఉన్న ముప్పు కూడా మరవరాదు. 2001లో అంతర్జాతీయ ధర పౌనుకు 50 సెంట్ల దిగువకు పడిపోయింది. 2025 ఫిబ్రవరిలో అరబికా నాలుగు డాలర్లు దాటింది. ఆ ఎత్తుపల్లాలపై డుంబ్రిగుడ రైతుకు ఏ అదుపూ లేదు. అదే 2025లో అరకు తోటల్లో కాయతొలిచే పురుగు కనిపించి అధికారులను పరుగులు పెట్టించింది. తోట పక్కన తిండిగింజ చేను ఉన్న ఇల్లు అలాంటి ఏడాదిని తట్టుకుంటుంది.

ఒక హెచ్చరిక కూడా. గిరిజన సహకార సంస్థే ఏకైక కొనుగోలుదారు కాకూడదు. 1979 నాటి నిబంధన అటవీ ఉత్పత్తులపై దానికి గుత్తాధిపత్యం ఇచ్చింది. 1996 నాటి పెసా చట్టం ఆ ఉత్పత్తులపై యాజమాన్యం గ్రామసభలదన్నది. తిండిగింజల విషయంలోనైనా రెండో దారి పట్టాలి: సంఘం నేరుగా హాస్టల్‌కు అమ్మాలి, వార్డెన్ తూచి తీసుకోవాలి, వారం తిరగకముందే డబ్బు ఖాతాలో పడాలి. ఆలస్యమైతే ఆ సంఘం షావుకారి దగ్గరికే వెళ్తుంది, వెళ్లినందుకు తప్పుపట్టలేం. వచ్చే ఖరీఫ్‌కు ముందే అల్లూరి సీతారామరాజు జిల్లా యంత్రాంగం చోళ్లు, రాజ్‌మా, పసుపు, చింతపండు నాలుగింటికి హాస్టళ్ల ఏడాది అవసరం ఎంతో మండలాల వారీగా లెక్కగట్టి, ధరతో సహా ప్రతి సంతలో బోర్డు మీద రాయించాలి.