వంపు గోడకి కిటికీ: మోడల్‌లో ఇమిడితే చాలదు

బెజవాడలో ఇల్లు కట్టించుకునేవాళ్ల నోటా, వాళ్లకి 3డి ఎలివేషన్ గీసిచ్చేవాళ్ల నోటా ఇప్పుడు ఒకటే మాట: "సాఫ్ట్‌వేర్‌లో వచ్చిందంటే సైట్‌లోనూ వస్తుంది." ఆ ధైర్యంతోనే మెట్ల గదికి గుండ్రటి గోడ, పై అంతస్తులో వాలు గోడ, రెంటికీ నిలువెత్తు అద్దాల కిటికీలు పెట్టేస్తున్నారు. ఈ మాట తప్పు. దీని ఖర్చు పడేది బొమ్మ గీసినవాడి మీద కాదు, ఇంటి ఓనరు మీద.

సాఫ్ట్‌వేర్ చేసే పనిని నేను తీసిపారెయ్యను. రెవిట్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో గోడని నేరుగా వాల్చే వీలు 2021 వెర్షన్‌తో వచ్చింది. కిటికీని నిలువుగా ఉంచాలా, గోడతో పాటు వాల్చాలా అని అడుగుతుంది, ఎంచుకుంటే చాలు. వంపు గోడలోనైతే కన్నం కోసి, తిన్నని ఫ్రేముని అందులో నిలబెడుతుంది. తెర మీద అంతటితో పని పూర్తి. మేస్త్రికి అక్కడే మొదలు.

లెక్క చూడండి. బయటి అంచుకి 6 అడుగుల వ్యాసార్థం ఉన్న మెట్ల గది గోడలో 4 అడుగుల వెడల్పు కిటికీ పెట్టామనుకుందాం. ఫ్రేము రెండు కొసల్నీ బయటి అంచుకి సమంగా నిలబెడితే, నడిమధ్యన గోడ ఫ్రేముని దాటి 4 అంగుళాలు ముందుకి వస్తుంది. 9 అంగుళాల గోడలో అది చిన్న తేడా కాదు. కింద సిల్ మీద నెలవంకలాంటి గట్టు మిగులుతుంది. దానికి బయటికి వాలు ఇవ్వకపోతే వాన నీళ్లు అక్కడే నిలుస్తాయి. తిన్నగా కోసిన గ్రానైట్ పట్టీ ఆ వంపుకి కూర్చోదు. మిగిలిన సందుని సిమెంటుతో పూడుస్తారు, అది ఎండకి నెర్రె ఇస్తుంది, మరుసటి తుపానుకి లోపలి పుట్టీ ఉబ్బుతుంది. ఇక లింటెల్‌ని గోడతో పాటు వంచి పోస్తే, బరువుకి వంగడమే కాదు, మెలి కూడా తిరుగుతుంది. ఆ మెలికి సరిపడా రింగులు వేశారా అన్నది ఏ ఎలివేషన్‌లోనూ కనపడదు.

వాలు గోడది ఇంకో ఇబ్బంది. లోపలికి 10 డిగ్రీలు వాలిన గోడలో 4 అడుగుల ఎత్తు కిటికీని నిలువుగా పెట్టి, పై అంచుని గోడతో సమం చేస్తే కింద దాదాపు ఎనిమిదిన్నర అంగుళాల అరుగు తేలుతుంది. గోడతో పాటే వాలిస్తే వాన నేరుగా అద్దం మీదా, దాని చుట్టూ ఉన్న రబ్బరు మీదా పడుతుంది. బందుల మీద తిరిగే రెక్క సగం తెరిచిన చోట నిలవదు, తన బరువుకి తనే జారిపోతుంది. బయటికి వాలిన గోడకి వాన బాధ తక్కువే, ఒప్పుకుంటాను.

అమరావతిని చూపించి వాదించేవాళ్లున్నారు. నార్మన్ ఫోస్టర్ సంస్థ సచివాలయ టవర్లకి ఏటవాలు స్తంభాల అల్లిక (డయాగ్రిడ్) గీసింది కదా, మనకేం తక్కువ అంటారు. ఆ స్థాయి కట్టడాల్లో అద్దాల పనికే వేరే ఇంజనీర్లుంటారు, ప్రతి అతుకుకీ వేరే డ్రాయింగు ఉంటుంది. బెజవాడ పటమటలో రెండంతస్తుల ఇంటికి అవన్నీ ఎవరిస్తున్నారు? అన్నీ ఉన్నచోటా హామీ లేదు. అమెరికాలోని ఎంఐటీకి ఫ్రాంక్ గేరీ వాలు గోడలతో డిజైన్ చేసిన స్టాటా సెంటర్ 2004లో తెరుచుకుంది. నీళ్లు కారుతున్నాయని, తాపీ పని నెర్రెలిచ్చిందని ఎంఐటీ 2007లో ఆయన సంస్థ మీదా, కాంట్రాక్టరు మీదా దావా వేసింది. చివరికి రాజీ పడ్డారు.

మనదేమో సెకనుకి 50 మీటర్ల గాలికి లెక్క కట్టమని భారత ప్రమాణం ఐఎస్ 875 చెప్పే ఊరు. ఆ గాలిలో వాన పై నుంచి కాదు, అడ్డంగా కొడుతుంది. గుండ్రటి గోడ మన కోస్తాకి కొత్తా కాదు. చుట్టిళ్లు కట్టిన మన పెద్దలు చూరుని గోడని కప్పేంత కిందికి దించారు, కన్నాలు తక్కువ పెట్టారు. ఇప్పుడు చూరు తీసేసి, కన్నం పెంచి, భారమంతా సిలికాన్ ట్యూబు మీద పెడుతున్నాం.

వంపు గోడలు మానెయ్యమని నేననడం లేదు. ఎలివేషన్ బొమ్మ చూసి అడ్వాన్సు ఇచ్చే ముందు, కిటికీ మీదుగా కోసిన సెక్షన్ ఒకటి 1:10 స్కేల్లో గీసిమ్మని అడగండి. సిల్ వాలెంత, నీటిగాడి ఎక్కడ, లింటెల్‌లో కమ్మీ ఎంత, రెక్క ఎటు తెరుచుకుంటుంది, ఇవన్నీ అందులో ఉండాలి. ఆ కాగితం ఇవ్వలేనివాళ్ల చేత వంపు గోడలో కిటికీ పెట్టించకండి.