పాదచారికి బాట ఏది?

వికారాబాదు జిల్లాలోని నవాబుపేట పరిసరముల నుండి ప్రతిదినమును అనేకులు హైదరాబాదునకు పోవుచుందురు. కూలిపని కొందరిని, కూరగాయల అమ్మకము కొందరిని, ఆసుపత్రి కొందరిని, చదువు కొందరిని అచ్చటికి గొనిపోవును. రైలుగాని బస్సుగాని దిగిన పిమ్మట వారందరిదియు ఒక్కటే కులము: వారు పాదచారులు. చీకటిలో పొలముగట్టుపై తడబడక నడువగల రైతు నగరమున ఒక వీధిని దాటుటకు పసిబిడ్డవలె పరుల చేయి పట్టుకొనవలసి వచ్చుచున్నది. ఇది అతని అజ్ఞానమని నవ్వువారు కలరు. నాకు మాత్రము అది ఆ వీధి చేసిన తప్పుగా తోచును.

పూర్వము ఈ నగరమును తీర్చినవారికి నడచువాడు గుర్తుండెను. 1908లో మూసీనది పొంగి నగరమును ముంచివేసిన పిమ్మట, 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడెను. ఆ మండలి కాలమున పత్తర్‌గట్టిలో దుకాణముల ముందు రాతి కమానుల వరుస లేచెను. ఆ కమానుల నీడలో మనుష్యుడు ఎండకు మాడక, వానకు తడియక నడచిపోవచ్చును. దాదాపు నూరేండ్ల తరువాత, 2009లో, మెహిదీపట్నము నుండి ఆరాంఘర్ వరకు 11.6 కిలోమీటర్ల పొడవున వంతెన మార్గము కట్టబడెను. దానిపై కాలినడకకు అనుమతి లేదు. వేగముగా పోవు కార్ల నడుమ మనుష్యుడు నడువరాదు గనుక అది సబబే. అయితే కార్లకు ఆకాశమున మార్గము చూపిన శ్రద్ధ, నేలపై మిగిలినవానికి ఆరడుగుల బాట చూపుటలో ఏల కనబడదు?

ఆరడుగులని ఊరక అనలేదు. కాలిబాటపై అడ్డులేని వెడల్పు కనీసము 1.8 మీటర్లు ఉండవలెనని, దాని అంచు 15 సెంటీమీటర్లకు మించి ఎత్తుండరాదని భారత రహదారుల కాంగ్రెసు 2012 నాటి మార్గదర్శకములలో చెప్పియున్నది. మీ పాఠశాల కొలబద్దను తీసికొనిపోయి ఏ నగరవీధిలోనైనను కొలిచి చూడుడు. ఒకచోట అంచు మోకాలి ఎత్తుండును. ఒకచోట విద్యుత్స్తంభము నట్టనడుమ నిలిచియుండును. మరియొకచోట గృహస్థు తన కారు ఎక్కుటకు వీలుగా కాలిబాటను నరికి ఏటవాలుగా సిమెంటు పోయించుకొనియుండును. ఇట్టి బాటపై పది గజములకొకసారి దిగి ఎక్కలేక ముసలివారు నడివీధినే ఆశ్రయింతురు. 2022లో దేశమున రహదారి ప్రమాదములలో మరణించిన 1,68,491 మందిలో 32,825 మంది పాదచారులే.

హైదరాబాదులో ఈ విషయమై పట్టువిడువక పోరాడినవారిలో కాంతిమతి కన్నన్ ఒకరు. 'రైట్ టు వాక్' అను సంస్థను స్థాపించి, నడుచుట పౌరుని హక్కని ఆమె ప్రచారము చేసిరి. ఇట్టి ఉద్యమములు ప్రాతర్వ్యాహ్యాళికి పోవు సంపన్నుల వేడుకలని కొందరు పరిహసింతురు. సంపన్నునకు ఉద్యానవనము కలదు, లేకున్న కారు కలదు. బస్సు దిగి మైలుదూరము నడచి పనికి పోవు స్త్రీకి ఏమి కలదు?

ఉద్యమకారులతోను నాకొక చిన్న పేచీ కలదు. కాలిబాట అనగానే కొందరికి మొదట తోపుడుబండివానిపై కోపము వచ్చును. ఆ బండివాడు కూడ నడచువాడే. అతని బేరము నడచువారితోనే. అతనికి తగిన చోటు నిర్ణయింపవలెనని 2014లో వీధివ్యాపారుల చట్టము చేయబడినది. చోటు చూపక బండిని తోలివేసినచో మరునాడు మరల అచ్చటికే వచ్చును. రాక ఎచ్చటికి పోవును? అతనికంటె ఎక్కువ నేలను కదలక మెదలక ఆక్రమించియుండు కార్లను ఎవరును దొంగలని పిలువరు.

2023లో ఉప్పల్ కూడలిలో పాదచారులకై ఆకాశవంతెన తెరువబడెను. దానికి లిఫ్టులును కలవు. మంచిదే. అయినను బరువు మోయువాడు పైకెక్కవలెననుట, ఇంజను గలవాడు నేలపై సాగిపోవుననుట నాకు తలక్రిందుల న్యాయముగా తోచును. ఒక పౌరుడు చేసిన విన్నపమునకు ఫలితముగా 2021 ఆగస్టు 29 నుండి ఆదివారము సాయంకాలములందు ట్యాంకుబండుపై వాహనములను ఆపియుంచిన ఏర్పాటు నాకు ఇంతకంటె నచ్చినది. పిల్లలు నడివీధిలో ఆడుకొనిరి. నగరమేమియు స్తంభించిపోలేదు.

2025 మే 14న సుప్రీంకోర్టు, అడ్డులేని కాలిబాటను వాడుకొను హక్కు రాజ్యాంగము 21వ అధికరణమున చెప్పిన జీవించు హక్కులో భాగమని స్పష్టము చేసినది. వికలాంగులకు సైతము అనువైన బాటలుండవలెననినది. తీర్పు వచ్చినది. బాట నట్టనడుమ నిలిచిన స్తంభమును ప్రక్కకు జరిపించుటకు మాత్రము ఆ వీధివారు ఇంకను కొలతలు వ్రాసికొని, ఛాయాచిత్రము జతచేసి, నగరపాలక కార్యాలయమునకు అర్జీ పెట్టుకొనవలసియే యున్నది. ఒకటి చాలకున్న రెండవది.