తొలి మాట దగ్గరే తగువు

యూదుల ధర్మగ్రంథం తోరా మొదటి వాక్యానికి వ్యాఖ్య రాయబోతూ పండితుడు రాషీ సృష్టి ఊసెత్తలేదు. అసలు ఈ గ్రంథం ఇక్కడెందుకు మొదలవ్వాలని అడిగాడు. 11వ శతాబ్దంలో, ఫ్రాన్స్‌లోని ట్రోయ్ పట్టణంలో రాసిన వ్యాఖ్య ఇది. తోరా ధర్మశాస్త్రం కదా, ఇశ్రాయేలీయులకు ఇచ్చిన తొలి ఆజ్ఞ నిర్గమకాండం 12వ అధ్యాయంలో ఉంది కదా, అక్కణ్ణుంచే ఎత్తుకోవచ్చుగా? రబ్బీ ఇస్సాకు పేరుతో వస్తున్న పాత ప్రశ్నే. జవాబు మాత్రం తిన్నగా నేల తగాదాలోకి దిగుతుంది: రేపు ఇతర జనాలు మిమ్మల్ని దేశం దోచుకున్న దొంగలంటే, భూమి దాన్ని సృష్టించినవాడిది, తనకు నచ్చినవారికి ఇచ్చుకుంటాడు అని చెప్పడానికట.

ఈ మాటను ఇవాళ పట్టాదారు పాసుపుస్తకంలా చూపించేవాళ్లున్నారు. రాషీ అక్కడితో ఆగలేదు. ఆయన చిత్తమైతే వాళ్లకిచ్చాడు, చిత్తమైతే వాళ్ల దగ్గర తీసుకుని మాకిచ్చాడు అన్నాడు. ఈ తర్కం ఎవరి హక్కునూ శాశ్వతం చెయ్యదు. సొంత రాజ్యం లేని జనంలో పుట్టిన రాషీకి ఆ సంగతి తెలియకుండా ఉంటుందా?

వ్యాకరణం ఆ తర్వాతే. హీబ్రూలో ఉన్నది ‘బెరేషిత్ బారా ఎలోహిమ్’, మాటకు మాట ‘ఆదిలో సృష్టించాడు దేవుడు’. ‘రేషిత్’ అన్నది ఎప్పుడూ ‘ఫలానాదాని ఆది’ అంటూ మరో మాటను పట్టుకునే వస్తుందని రాషీ వాదం. కాబట్టి ఆదిలో సృష్టించాడు అని ముగించకూడదు. సృష్టించడం మొదలుపెట్టినప్పుడు అని చదివి, వెలుగు పుట్టే దాకా సాగాలి. ఏది ముందో ఏది వెనకో ఈ వాక్యం చెప్పడం లేదు. రెండో వాక్యంలోనే నీళ్లు కనిపిస్తాయి, వాటి పుట్టుక ఎక్కడ చెప్పారు?

13వ శతాబ్దంలో జెరోనా పండితుడు నహ్మానిడీస్ దీన్ని ఒప్పుకోలేదు. విశ్వాసానికి వేరు సృష్టే అయినప్పుడు దానితో మొదలుపెట్టక మరి దేనితో అని రాషీ ప్రశ్ననే ప్రశ్నించాడు. ‘బారా’ అంటే శూన్యం నుంచి పుట్టించడమేనని పట్టుబట్టాడు. ఇవాళ ఇద్దరి వ్యాఖ్యలనూ మూలం చుట్టూ ఒకే పుటలో అచ్చువేస్తారు. ఎవరు గెలిచారో ఆ పుట చెప్పదు. మూలం కింద ఒక్క తాత్పర్యం వేసి ముందుకు సాగే మన ప్రచురణకర్తలు ఒకసారి చూడదగ్గ పుట అది.

వీళ్లకంటే చాలా పాతదైన వ్యాఖ్యాన గ్రంథం బెరేషిత్ రబ్బా మరింత సాహసం చేసింది. ‘రేషిత్’ అంటే తోరాయే, మేస్త్రీ నక్షా చూసి కట్టినట్టు దేవుడు తోరాను చూసి లోకాన్ని కట్టాడంది. అంటే పుస్తకంలోని మొదటి మాట ఆ పుస్తకం గురించే! మొదటి అక్షరం బెత్‌నూ వదల్లేదు. మూడు వైపులా మూసి, హీబ్రూ రాత సాగే ఎడమ వైపు మాత్రమే తెరిచి ఉంటుంది కనుక పైన ఏముంది, కింద ఏముంది, ముందేముండేది అని అడగొద్దంది. సృష్టి రహస్యాన్ని ఒకేసారి ఇద్దరు శిష్యులకు కూడా బోధించొద్దని యూదు ధర్మ సంకలనం మిష్నా నిషేధం. అయినా ఆ మొదటి మాట ఒక్కదానికే డెబ్బై వ్యాఖ్యలతో తిక్కునే జోహార్ అనే గ్రంథం తయారైంది.

ఈజిప్టును ఏలిన టోలెమీ రాజు కోసం తోరాను గ్రీకులోకి మార్చిన పెద్దలు ‘బెరేషిత్ బారా ఎలోహిమ్’ అనే మూడు మాటల వరుస మార్చారని, మిష్నాపై చర్చల గ్రంథం తల్మూద్ చెబుతుంది. ఉన్నదున్నట్టు రాస్తే బెరేషిత్ అనే మరో దేవుడు ఎలోహిమ్‌ను సృష్టించాడని రాజు అనుకుంటాడేమోనని భయం. 13వ శతాబ్దపు స్పెయిన్‌లో వెలుగుచూసిన జోహార్, యూదు మార్మిక సంప్రదాయమైన కబ్బాలా గ్రంథం, మాటల వరుసను కదపలేదు. పేరు చెప్పని ఒక మూలశక్తి, ఆదితో ఎలోహిమ్‌ను వెలికి తెచ్చిందని చదివింది. రాజు కంట పడకూడదని పెద్దలు జాగ్రత్తపడిన అన్వయానికి దగ్గరగా వెళ్లి, కబ్బాలా పండితులు తమ దైవశాస్త్రానికి అక్కడే పునాది వేసుకున్నారు.